గౌరికి పిల్ల పుట్టింది: మొదటి 30 రోజుల డైరీ

0వ రోజు

మా గుర్రం గౌరి తెల్లవారుజామున 2:10కి ఈనింది. ఆడపిల్ల. నుదుటి మీద గోరంత తెల్లమచ్చ ఉంది, అది చూసి అక్క అప్పటికప్పుడే "చుక్కా" అని పిలిచేసింది. ఇక ఆ పేరే ఖాయం.

గుర్రం చూలు దాదాపు 340 రోజులు. ఓ ఇరవై రోజులు అటూ ఇటూ కావచ్చు కాబట్టి తేదీని నమ్ముకోలేదు, పొదుగునే చూస్తూ వచ్చాం. మూడు వారాల కిందటే నిండడం మొదలైంది. మొన్న సాయంత్రానికి రెండు చన్నుల కొనలకూ తేనెరంగులో మైనంలాంటి బొట్లు కట్టాయి. తోక మొదట్లో కండలు వదులయ్యాయి. రాత్రి పన్నెండున్నర నుంచి చెమటలు, పడుకోవడం, లేవడం, వెనక్కి తిరిగి డొక్కలు చూసుకోవడం. 1:48కి ఉమ్మనీరు పోయింది. గుర్రం ఆవులా గంటల తరబడి నొప్పులు పడదు. నీరు పోయాక అరగంటలోపు పిల్ల బయటికి రావాలి, రాకపోతే డాక్టరు గారు దగ్గరుండాలి. అందుకే ఫోను చేతిలో పట్టుకునే కూర్చున్నాను.

ముందు నీలంగా, తెల్లగా మెరిసే పొర కనిపించింది. నా ప్రాణం కుదుటపడింది అక్కడే. పొర బదులు ముఖమల్ లాంటి ఎర్ర సంచి ముందుకొస్తే మాయ ముందే విడిపోయిందని అర్థం. లోపల పిల్లకు ఊపిరి అందదు. డాక్టరు కోసం ఆగకుండా ఆ సంచిని అక్కడికక్కడే కోసేయాలి. మాకు ఆ అవసరం రాలేదు. పొర వెనకే ఒక ముందుకాలు, దానికి జానెడు వెనగ్గా రెండోది, వాటి మీద వాల్చుకున్న ముక్కు. నేను ఒక్కడుగు ముందుకేశాను. "నువ్వు దాని దగ్గరికి పోకురా, దాని పని దాన్ని చేసుకోనీ" అంది అక్క. ఆగిపోయాను. ముక్కు మీద పొర తొలగించడం తప్ప మేం ఏమీ చేయలేదు.

బొడ్డుతాడు కూడా కోయలేదు. తల్లి లేచినప్పుడో పిల్ల కదిలినప్పుడో అదే తెగుతుంది. తెగాక చిన్న గిన్నెలో 0.5 శాతం క్లోర్‌హెక్సిడిన్ (క్రిములను చంపే మందు) పోసి బొడ్డు మునిగేలా పట్టాను. మూడు రోజుల పాటు పూటపూటా ఇదే చేయాలి. ఘాటు అయోడిన్ చర్మాన్ని కాల్చేస్తుంది, అది వద్దన్నారు డాక్టరు గారు.

కొత్తగా పుట్టిన పిల్ల గిట్టలు ఇంత దగ్గరగా చూడడం నాకు ఇదే మొదటిసారి. గిట్ట అడుగున రబ్బరులా మెత్తగా, పాలిపోయిన పసుపురంగులో వేళ్లలాంటి అంచులు వేలాడుతున్నాయి. గట్టి గిట్ట తల్లి కడుపును చీల్చకుండా ప్రకృతి తొడిగిన జోళ్లవి. పిల్ల నడవడం మొదలుపెట్టాక కొద్ది గంటల్లోనే అరిగి ఊడిపోతాయి.

వేళలు ఇవీ: 2:52కి చుక్క నిలబడింది. 3:35కి చన్ను పట్టింది. 3:40కి గౌరి మాయ వేసింది. గంటలో నిలబడాలి, రెండు గంటల్లో తాగాలి, మూడు గంటల్లో మాయ పడాలి అనే లెక్కలో మూడూ కుదిరాయి. వేలాడుతున్న మాయ మీద గౌరి కాలు పడకుండా ముడి వేశాం అంతే, లాగలేదు. మూడు గంటలు దాటినా పడకపోతే గర్భసంచికి చీము పట్టొచ్చు, దాంతో గిట్టలు కూడా పాడవుతాయి. పడిన మాయను నేల మీద పరిచి రెండు కొమ్ముల (గర్భసంచి రెండు పాయల్లో ఉండే భాగాల) కొనలూ ఉన్నాయో లేదో చూసుకున్నాం. చిన్న ముక్క లోపల మిగిలినా ప్రమాదమే, ఎక్కువగా తెగేది చూలు లేని కొమ్ము కొనే. మాయ తూకం 5 కిలోలు, చుక్క తూకం 46. మాయ పిల్ల బరువులో పదో వంతు చుట్టుపక్కల ఉంటే సరి. బాగా ఎక్కువుంటే డాక్టరు గారికి చెప్పాలి.

ముర్రుపాలు ఒక్క బొట్టు తీసి బ్రిక్స్ మీటరు (పాల చిక్కదనం చూపే పరికరం) మీద వేస్తే 26 చూపించింది. 23 దాటితే మంచి పాలు. తల్లి కడుపులో ఉండగా పిల్లకు తల్లి నుంచి రోగనిరోధక శక్తి అందదు. అంతా ఈ పాలతోనే రావాలి. ఆ రక్షణను పీల్చుకునే శక్తి పేగుకు ఒక్క రోజే ఉంటుంది, అదీ మొదటి ఆరేడు గంటల్లోనే ఎక్కువ. తర్వాత ఎన్ని పాలు తాగినా అవి ఆకలికి తిండి మాత్రమే.

ఉదయం ఏడింటికి నల్లటి జిగురు లద్దె వేసింది. మొదటి లద్దె పడిందంటే ఒక బెంగ తీరినట్టే. మగపిల్లల్లో ఇది ఇరుక్కోవడం ఎక్కువ. తోకెత్తి, వీపు వంచి ముక్కుతూ ఉంటే వెంటనే ఎనిమా వేయాలి.

1వ రోజు

పుట్టిన 20 గంటలకు రక్తం తీసి ఐజీజీ (ముర్రుపాల నుంచి రక్తంలోకి చేరిన రక్షణ ప్రోటీన్) చూశారు. 800 పైనే వచ్చింది. 400 కంటే తక్కువైతే రక్షణ అందనట్టే, ప్లాస్మా ఎక్కించాల్సి వచ్చేది. జ్వరం చూస్తే 100.8. చిన్నపిల్లకు 99 నుంచి 102 వరకూ మామూలే.

వెనకకాళ్ల గిట్టల పై కీళ్లు బాగా వాలిపోయి నేలకు తగులుతున్నట్టున్నాయి. చూసి భయపడ్డాను గానీ, స్నాయువులు (కండను ఎముకకు పట్టి ఉంచే తాళ్లు) బిగుసుకోవడానికి కొన్ని రోజులు పడుతుందట. చిన్న దొడ్లో కాసేపు తిరగనిస్తే చాలు.

3వ రోజు

ఈ పేజీ రాత్రంతా మేలుకుని రాస్తున్నాను.

సాయంత్రం 6 గంటలకు నోట్‌బుక్కులో "తాగుతోంది" అని రాశాను. చుక్క తల గౌరి కడుపు కింద ఉంది, తోక ఊగుతోంది. 6:40కి అక్క నీళ్ల బకెట్ పెట్టడానికి వెళ్లి, వంగి చూసి, "ఒరేయ్, ఇటు రా. పొదుగు చూడు" అంది. రెండు వైపులా బిగుసుకుపోయి ఉంది. పాలు వాటంతటవే బొట్లు బొట్లుగా కారుతున్నాయి. చుక్క నుదుటి మీద తెల్లమచ్చ పక్కన ఇంకో తెల్ల చార, ఎండి అట్టకట్టిన పాలు. పిల్ల చన్ను కింద నిలబడింది గానీ నోట పట్టలేదు. తల్లి చేపింది, పాలు పిల్ల మొహం మీదుగా కారిపోయాయి. నేను తోక చూసి రాసేశాను.

జ్వరం 102.6. ఇంత చిన్నపిల్ల గంటల్లోనే జారిపోతుంది. రేపు పొద్దున చూద్దాంలే అనుకోవడానికి వీల్లేదు. ఫోను చేయగానే డాక్టరు గారు బయల్దేరారు. రక్తం తీశారు, యాంటీబయాటిక్ మొదలుపెట్టారు, ముక్కులోంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేసి ఉంచారు. గౌరిని పితికి రెండు గంటలకోసారి 400 మి.లీ. పోయమన్నారు. ప్రతిసారీ గొట్టం కదల్లేదని చూసుకున్నాకే పోయాలి. సీసాతో తాగించనా అని అడిగితే గట్టిగా వద్దన్నారు. పీల్చే ఓపిక లేని పిల్ల నోట్లో పాలు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఐజీజీ బాగున్న పిల్లకు కూడా ఇన్‌ఫెక్షన్ రావచ్చన్న మాట నా బుర్రకు ఈ రాత్రే ఎక్కింది.

గౌరి ఒక్కసారి కూడా కాలు విసరలేదు. ప్రతిసారీ పితకడానికి ముందు పిల్లను దాని ముక్కు దగ్గర నిలబెట్టాం, వాసన చూసుకుంటూ పాలు వదిలింది.

5:15. చుక్క లేచి, పొదుగు కిందికి వెళ్లి, పట్టింది. ఈసారి మోకాళ్ల మీద కూర్చుని గొంతు చూశాను. గుటక, గుటక, గుటక. పక్కనే అక్క ఏడుస్తోంది. నేనూ.

4వ రోజు

జ్వరం 101.2. ఇంజెక్షన్లు ఇంకా ఆరు రోజులు. గొట్టం తీసేశారు. నోట్‌బుక్కులో "తాగిందా?" అనే గడి కొట్టేసి "పొదుగు: వదులు / బిగువు" అని రాసుకున్నాను. ఈ వారంలో పిల్ల గంటకు ఐదారు సార్లు తాగాలి. అలా తాగుతుంటే పొదుగు ఎప్పుడు పట్టి చూసినా మెత్తగా ఉంటుంది. రాత్రి రెండు గంటలకోసారి టార్చి వేసి ముందు తల్లి పొదుగు చూస్తున్నాను, తర్వాతే పిల్లను.

బొడ్డు పొడిగానే ఉంది. కీళ్లు కూడా రోజూ తడిమి చూడమన్నారు డాక్టరు గారు. ఏ కీలు వాచినా, కుంటినా, తల్లి తొక్కి ఉంటుందిలే అనుకోకుండా ఫోను చేయాలి.

9వ రోజు

నిన్నటి నుంచి పిల్ల పారుతోంది. గౌరి ఎదకు వచ్చింది. ఈ రెండూ కలిసి వస్తాయి కాబట్టి ఎద వల్ల పాలు చెడి పిల్ల పారుతుందని చాలామంది నమ్ముతారు. కానీ తల్లి లేకుండా పెరిగే పిల్లలు కూడా ఈ వయసులోనే పారతాయి. పేగు కొత్త సూక్ష్మజీవులకు అలవాటు పడే సమయమిది. చుక్క నాలుగు రోజులుగా గౌరి లద్దె తింటోంది, అదీ ఇందుకే. మొదట చూసి ఆపబోయాను, ఇప్పుడు ఆపడం లేదు.

జ్వరం లేదు, హుషారుగా ఉంది, పొదుగు వదులుగా ఉంది. కాబట్టి పొద్దున, సాయంత్రం గోరువెచ్చని నీళ్లతో వెనకభాగం కడిగి, ఆరనిచ్చి, వ్యాజలీన్ రాస్తున్నాం. రాయకపోతే వెంట్రుకలు ఊడి చర్మం పుండవుతుంది. పారడంతో పాటు పొదుగు బిగిసిందా, అప్పుడు అది మామూలు పారుడు కాదు.

12వ రోజు

పారడం ఆగింది. 57 కిలోలు.

గౌరి తిండి గురించి. ఈనిన మొదటి రెండు రోజులు దాణా కొంచెమే పెట్టాం, తర్వాత పది రోజుల్లో మెల్లగా పెంచుకుంటూ వచ్చాం. గౌరి 460 కిలోలు. పాలిచ్చే గుర్రం తన బరువులో 2 నుంచి 3 శాతం పాలు రోజూ ఇస్తుంది, అంటే మా గౌరి పదో పన్నెండో లీటర్లు ఇస్తున్నట్టు. ఆ లెక్కన దానికి మామూలు కంటే దాదాపు రెట్టింపు శక్తి కావాలి. ఇప్పుడు రోజుకు 10 కిలోల ఎండుగడ్డి, అందులో కొంత లూసర్న్. దాణా మూడున్నర కిలోలు మూడు పూటలుగా. ఒక్క పూటలో 2 కిలోలు దాటనివ్వం, కడుపునొప్పి వస్తుంది. నీళ్లు 60 లీటర్లు దాటుతున్నాయి. బకెట్లు చాలక తొట్టి పెట్టాం. పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి కనపడకూడదు. వారానికోసారి అక్కా నేనూ విడివిడిగా తడిమి, చెరో కాగితం మీద రాసి పోల్చుకుంటున్నాం.

19వ రోజు

ఒక చెయ్యి ఛాతీ ముందు, ఒక చెయ్యి పిరుదుల వెనక, ఇలా పట్టుకుంటే చుక్క పది క్షణాలు కదలకుండా నిలబడింది. వదిలేశాను. నిలబడ్డాకే వదలాలి, గింజుకుంటున్నప్పుడు వదిలితే గింజుకోవడమే నేర్చుకుంటుంది. హాల్టర్ (తలకు తొడిగే పట్టీ) రోజూ వేసి తీస్తున్నాం. దొడ్లో వదిలేటప్పుడు ఉంచం, వెనకకాలు ఇరుక్కుంటే మెడ పోతుంది. ముందుకాళ్లు ఎత్తి నా భుజాల మీద వేయబోతే పక్కకు జరిగి "ఊహూ" అంటున్నాను. ముద్దొస్తుంది, నిజమే. కానీ ఇదే పిల్ల రేపు 400 కిలోలవుతుంది.

30వ రోజు

82 కిలోలు. మధ్యలో ఆ రాత్రి ఉన్నా సగటున రోజుకు 1.2 కిలోలు పెరిగింది. వెనకకాళ్లు నిటారుగా నిలిచాయి. గిట్టలు చూసిన మనిషి నాలుగూ సమంగానే అరుగుతున్నాయి, ఆకురాయితో అంచులు కొంచెం రాస్తే చాలన్నారు. తల్లి తొట్టిలో మూతి పెట్టి గడ్డిపరకలు నములుతోంది. రెండో నెల నిండాక నట్టల మందు.

రాత్రి పదింటికి టార్చి వేసి చూశాను. చుక్క కాళ్లు చాపుకుని ఒక పక్కకు పడుకుని ఉంది, పొట్ట మెల్లగా లేచి పడుతోంది. గౌరి దాని పక్కనే నిలబడి ఒక వెనకకాలు సడలించి కునుకు తీస్తోంది. వంగి చేత్తో చూశాను. పొదుగు వదులు.