ప్రహసన్నివ – కురుక్షేత్రంలో స్వామి నవ్విన నవ్వు

దేవుడి ముందు నవ్వకూడదని చిన్నప్పుడు మా ఇంట్లో గట్టి కట్టడి ఉండేది. సత్యనారాయణ వ్రతంలో పిల్లలం కిసుక్కుమంటే చాలు, పెద్దమ్మ కళ్లురిమి చూసేది. భక్తి అంటే బిగుసుకుపోయి కూర్చోవడమేనని చాలాకాలం నమ్మాను. గీత రెండో అధ్యాయం పదో శ్లోకం దగ్గర ఆ నమ్మకం సడలింది.

తమువాచ హృషీకేశః ప్రహసన్నివ భారత
సేనయోరుభయోర్మధ్యే విషీదంతమిదం వచః

రెండు సేనల నడుమ దుఃఖపడుతున్న అర్జునుడితో కృష్ణుడు నవ్వుతున్నట్టుగా ఈ మాట అన్నాడని సంజయుడు ధృతరాష్ట్రుడికి చెబుతున్నాడు. పారాయణలో ఈ శ్లోకాన్ని గబగబా దాటేస్తాం. అసలు ఉపదేశం ఆ తర్వాతి శ్లోకం నుంచే కదా మొదలయ్యేది! కానీ ఒక్కసారి ఇక్కడ ఆగి చూడండి. పద్దెనిమిది అక్షౌహిణుల సైన్యం మోహరించి ఉంది. అర్జునుడి నోరు ఎండిపోయింది, ఒళ్లు వణుకుతోంది, గాండీవం చేతిలోంచి జారిపోతోంది, కళ్ల నిండా నీళ్లు. ఆ మనిషి ఎదురుగా నిలబడి స్వామి నవ్వడమేమిటి?

దానికి కారణం అంతకు ముందు శ్లోకాల్లోనే ఉందని నాకు అనిపిస్తుంది. ఏడో శ్లోకంలో అర్జునుడు 'నేను నీ శిష్యుణ్ణి, ఏది మేలో నువ్వే చెప్పు' అని శరణు వేడాడు. తొమ్మిదో శ్లోకానికి వచ్చేసరికి 'న యోత్స్యే', యుద్ధం చెయ్యను అని తనే తేల్చి చెప్పి మౌనంగా ఉండిపోయాడు. దారి చూపించమన్నదీ తనే, గురువు నోరు విప్పకముందే ఎటు పోవాలో తేల్చేసుకున్నదీ తనే. మనం చేసేదీ ఇదే. గుడికి వెళ్లి 'అంతా నీదే భారం స్వామీ' అని దండం పెడతాం, ఆ వెంటనే ఏ ఉద్యోగం రావాలో, ఏ సంబంధం కుదరాలో మనమే వరసగా చెప్పేస్తాం. అది విన్న స్వామి పెదవి మీద ఒక నవ్వు మెదిలితే అందులో వింత ఏముంది?

వ్యాఖ్యాతలు ఈ నవ్వును తలా ఒక విధంగా చూశారు. శ్రీధరస్వామికి అందులో ప్రసన్నమైన ముఖం కనిపించింది. రామానుజులవారు పరిహాసపు మాట అంటున్నట్టుగా అని రాశారు. మధుసూదన సరస్వతి అర్జునుణ్ణి సిగ్గుపడేలా చేసే నవ్వు అన్నారు. నేను రామానుజుల వైపే మొగ్గుతాను. ఎందుకంటే వీళ్లిద్దరూ బావ బావమరుదులు. కుంతి కృష్ణుడికి మేనత్త, సుభద్ర అర్జునుడి భార్య. ఆ వరసలో మేలమాడటం ఎంత సహజమో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా! పెళ్లిలోనైనా, కష్టంలోనైనా బావ అన్నవాడి నోట ఒక పరాచికం ఉండాల్సిందే. పైగా సంజయుడు 'ఇవ' అన్నాడు. నవ్వీ నవ్వనట్టు. ఎదుటివాడి ఏడుపును చిన్నబుచ్చకుండా, ఆ ఏడుపులో తాను కొట్టుకుపోకుండా ఉన్నవాడి నవ్వు అది.

పదకొండో అధ్యాయానికి వచ్చేసరికి కథ తిరగబడుతుంది. విశ్వరూపం చూసిన అర్జునుడికి గుండె జారిపోయింది. అంతకాలం ఎవరితో వేళాకోళం ఆడాడో అప్పుడు తెలిసొచ్చింది. 'యచ్చావహాసార్థమసత్కృతోఽసి విహారశయ్యాసనభోజనేషు' అంటూ క్షమాపణ మొదలుపెట్టాడు. ఆటల్లో, పడకమీద, కూర్చున్నప్పుడు, భోజనాల దగ్గర నవ్వులాటకు నిన్ను తక్కువ చేసి మాట్లాడాను, మన్నించు అని. ఆ విందుల్లో ఏమేం అనుకున్నారో, ఎవరు ఎవరిని ఏడిపించారో! వినాలని ఎంత ఆశగా ఉంటుందో నాకు.

దానికి స్వామి జవాబు వెతికాను. అలా నవ్వులాడి ఉండకూడదని ఆయన ఎక్కడా అనలేదు. భయపడకు అన్నాడు. మళ్లీ ఆ సౌమ్యమైన మనిషి రూపంలోకి వచ్చాడు, అంటే తమాషాలు ఆడుకున్న ఆ పాత స్నేహితుడిగానే.

మన గుళ్లలోనూ ఈ చనువు ఉంది. వైకుంఠ ఏకాదశి అయిన కొద్దిరోజులకు తిరుమలలో ప్రణయ కలహోత్సవం చేస్తారు. వరాహస్వామి ఆలయం ముందు ఒకవైపు శ్రీవారి ఉత్సవమూర్తి మలయప్పస్వామి, మరోవైపు శ్రీదేవి భూదేవులు ఎదురెదురు పల్లకీల్లో నిలుస్తారు. అలిగిన అమ్మవార్ల తరఫున స్వామి మీదికి పూబంతులు విసురుతారు. స్వామి బెదిరినట్టుగా పల్లకీ వెనక్కి తగ్గుతుంది. బ్రహ్మాండనాయకుడు పూలచెండుకు జడిసి వెనకడుగు వేయడం! తిడుతున్నట్టే పొగిడే నిందాస్తుతి పాశురాలు, అంటే ఆళ్వార్ల తమిళ పద్యాలు కూడా చదువుతారు. ఆగమ పద్ధతిలో, మంత్రాల మధ్య జరిగే సేవ ఇది.

అయితే నన్ను అన్నిటికంటే కదిలించేది భాగవతం మొదటి స్కంధం. కృష్ణ నిర్యాణం తర్వాత ద్వారక నుంచి ఒంటరిగా తిరిగొచ్చిన అర్జునుడు అన్నగారైన ధర్మరాజు ముందు ఏడుస్తాడు. స్వామి అండతో గెలిచినవన్నీ చెప్పుకొస్తూ, ఆ చిరునవ్వుల పరిహాసాలు గుర్తు రాగానే గుండె తల్లడిల్లుతోందంటాడు. పోతనగారు అక్కడ 'చెలికాఁడ రమ్మని చీరు నన్నొకవేళ, మన్నించు నొకవేళ మఱఁది యనుచు' అన్నారు. ఒకసారి చెలికాడా రమ్మని పిలిచేవాడు, ఒకసారి మరదీ అని ఆదరించేవాడు అని. మరది! క్షమాపణ చెప్పుకున్న ఆ నవ్వులాటలే చివరికి అతనికి మిగిలాయి.

మా తాతయ్య పోయినప్పుడు ఈ పద్యం నాకు అర్థమైంది. పదకొండో రోజు రాత్రి చుట్టాలందరూ చాపల మీద కూర్చుని ఉండగా అమ్మమ్మ ఆయన జోకు ఒకటి చెప్పింది. పెళ్లయిన కొత్తలో ఉప్పు లేని పప్పు తిని, 'ఇవాళ ఏకాదశా?' అని అడిగారట. అందరూ ఘొల్లున నవ్వారు. అమ్మమ్మ కూడా నవ్వింది, నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పెద్దమ్మ ఆ రోజు ఎవరినీ కళ్లురిమి చూడలేదు.

మైల తీరి శుభస్వీకారం అయ్యాక, అన్నాళ్లూ మూసి ఉన్న దేవుడి గది తలుపు అమ్మమ్మే తీసింది. ఇత్తడి బాలకృష్ణుణ్ణి చింతపండుతో తోమి, కడిగి, పీట మీద కూర్చోబెట్టింది. వెన్నముద్ద చేతిలో పట్టుకుని కాసేపు ఆయన మొహంలోకి చూసింది. "బాగుందిరా నీ సంబడం. కబుర్లకు నీకు మా ఆయనే దొరికారా?" అంది. తర్వాత ఆ వెన్న ఆయన ముందు పెట్టి, దీపం వెలిగించింది.