వేలు ఎప్పుడో పెట్టేశారు

"ఇన్సూరెన్స్‌లో ప్రభుత్వం వేలు పెట్టకూడదురా, పెడితే పాడైపోతుంది" అని నా ఫ్రెండ్ ఒకడు పదేళ్లుగా అంటున్నాడు. అమెరికా రాజకీయాల మీద మాట ఎక్కడ మొదలుపెట్టినా చివరికి అక్కడికే వస్తాం. వాడు లెక్కల్లో గట్టివాడు, కానీ తన పర్సులో ఉన్న కంపెనీ ఇన్సూరెన్స్ కార్డు మీద మాత్రం ఎప్పుడూ లెక్క వేసుకోలేదు.

అసలు ఉద్యోగానికీ ఇన్సూరెన్స్‌కీ ముడి ఎలా పడింది? రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1942లో, అక్కడి ప్రభుత్వం జీతాలు పెంచకుండా కట్టడి చేసింది. పనివాళ్లు దొరకడం లేదు, జీతం పెంచి లాక్కుందామంటే కుదరదు, దాంతో చాలా కంపెనీలు హెల్త్ ఇన్సూరెన్స్ ఆశ చూపించాయి. కంపెనీ కట్టే ఆ ప్రీమియం మీద ఉద్యోగికి పన్ను ఉండదని 1954లో చట్టంలోనే రాసేశారు. అంటే అది కూడా జీతమే, పన్ను పడని జీతం. ఎంత పెద్ద జీతమైతే, ఎంత పై శ్లాబులో ఉంటే, ఆదాయపు పన్నులో అంత ఎక్కువ మిగులుతుంది. పేదవాడికి మెడికెయిడ్ (పేదల కోసం ప్రభుత్వం నడిపే ఇన్సూరెన్స్) ఇస్తే "ప్రభుత్వ సొమ్ము", మనకి వదిలేసిన పన్ను మాత్రం "కంపెనీ బెనిఫిట్".

2009లో ఒబామా హెల్త్ ఇన్సూరెన్స్ బిల్లు మీద సభలు జరుగుతున్నప్పుడు, "నా మెడికేర్ జోలికి ప్రభుత్వం రావద్దు" అన్నవాళ్లున్నారు. మెడికేర్ అంటే ముఖ్యంగా పెద్దవయసు వాళ్లకి ఇచ్చే ఇన్సూరెన్స్, 1965లో చట్టం చేసి దాన్ని తెచ్చిందే ప్రభుత్వం! అప్పట్లో నేనూ పడీపడీ నవ్వాను. ఇప్పుడు నవ్వు రావట్లేదు, ఎందుకంటే మా వాడి కార్డు కథా అదే.

ఆ బిల్లులో ఎక్కువ గొడవ జరిగింది మాత్రం ఇన్సూరెన్స్ తప్పనిసరిగా కొనాలి, లేదంటే జరిమానా అన్న నిబంధన మీద. ముందే జబ్బున్నా పాలసీ ఇవ్వాల్సిందే అంటే అందరికీ ఇష్టం, ఆరోగ్యంగా ఉన్నవాడు కూడా కొనాల్సిందే అంటే ఎవరికీ ఇష్టం లేదు. కానీ మొదటిది ఒక్కటే పెడితే జనం ఇల్లు అంటుకున్నాక బావి తవ్వడానికి వస్తారు, కొనేవాళ్లలో రోగులే మిగులుతారు, ప్రీమియం ఆకాశానికి పోతుంది. తమాషా ఏమిటంటే, ఈ ఆలోచనని 1989లో ముందుకు తెచ్చింది హెరిటేజ్ ఫౌండేషన్ అనే సంప్రదాయవాద సంస్థ, అంటే మా వాడి పక్షం మేధావులే. 2006లో మసాచుసెట్స్‌లో రిపబ్లికన్ గవర్నర్ మిట్ రామ్నీ అమలు చేశాడు కూడా. అదే 2010లో ఒబామా చేస్తే స్వేచ్ఛ మీద దాడి అయిపోయింది. 2012లో సుప్రీంకోర్టు 5-4తో ఆ జరిమానాని పన్ను కింద చూసి నిబంధనని నిలబెట్టింది, 2017లో కాంగ్రెస్ ఆ జరిమానాని సున్నా చేసింది, 2019 నుంచి అది లేనట్టే.

అప్పుడు నేను మా వాడితో "చూడు, రెండేళ్లలో మొత్తం కూలిపోతుంది" అని పందెం కాసినంత పని చేశాను. కూలలేదు, నా అంచనా తప్పింది. నేను లెక్కలోకి తీసుకోనిది సబ్సిడీ. తక్కువ, మధ్య ఆదాయాల వాళ్ల ప్రీమియంలో ప్రభుత్వం భాగం పడుతోంది కాబట్టి జరిమానా పోయినా జనం ఉండిపోయారు. సబ్సిడీకి పెట్టిన ఆదాయపు గీతకి కాస్త పైన ఉండి సొంతంగా కొనుక్కునేవాళ్లు మాత్రం మొత్తం భారం మోశారు, అది మా వాడు ఎత్తిచూపితే నా దగ్గర జవాబు లేదు. 2021లో ఆ గీత తీసేసి సబ్సిడీ పెంచారు. ఆ పెంపు గడువు 2025 ఆఖరుకి అయిపోతోందని ఆ ఏడాది అక్టోబరులో మొదలైన కొట్లాటకి 43 రోజులు ప్రభుత్వమే మూతపడింది.

ఈ మధ్య మా వాడికి లేఆఫ్ అయింది. కోబ్రా అని ఒక చట్టం ఉంది (పాము కాదు, 1986 నాటి చట్టం, పేరు మాత్రం బాగా కుదిరింది), ఉద్యోగం పోయినా మామూలుగా 18 నెలల దాకా అదే ఇన్సూరెన్స్ ఉంచుకోవచ్చు. కాకపోతే ఇన్నాళ్లూ కంపెనీ కట్టిన వాటా, మన వాటా, ఆ పైన 2 శాతం ఖర్చులు, అన్నీ మనమే కట్టుకోవాలి. ఆ కాగితం వచ్చిన రాత్రి ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఇంత కట్టేవాళ్లా నాకు?" అన్నాడు. కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, ఒబామా చట్టం కింద దొరికే ప్లాన్లకి అప్లై చేయడానికి ఎన్ని రోజుల గడువు ఉంటుందని అడిగాడు. 60 రోజులని చెప్పాను.