అంతా పెట్రోలేనట!

పదకొండు దాటింది, నిద్ర రావడం లేదు. "అంతా పెట్రోలేనండీ, పాత బళ్లన్నిటిదీ ఇదే గొడవ" అని కారు షెడ్డులో మెకానిక్ అన్న మాట పొద్దుటి నుంచీ చెవిలో జోరీగలా తిరుగుతోంది. బానెట్ ఎత్తకముందే అనేశాడు. అదీ నా బాధ.

మా పాత ఫియట్ కారు సంగతి మీకు తెలిసిందే (ఆర్సీలో పద్మిని అని ఉంటుంది, ఇంట్లో ఎవరూ అలా పిలవరు). పొద్దున్న చల్లగా ఉన్నంతసేపూ బాగానే నడుస్తుంది. వేడెక్కాక, విజయవాడ బెంజ్ సర్కిల్ దాటేసరికి మొదలు. యాక్సిలరేటర్ తొక్కితే పికప్ రాదు. ఒక్క క్షణం ఆగుతుంది, రెండు కుదుపులు, ఆ తర్వాత వెనక ఢాం! ఇవాళ ఏలూరు రోడ్డులో పక్కన స్కూటీ మీద పోతున్న పిల్ల ఉలిక్కిపడి నన్నేదో అంది. వినపడలేదు కానీ, తిట్టిందని తెలిసిపోతుంది కదా.

పోయిన నెల ఈ షెడ్డులోనే ప్లగ్గులు, పాయింట్లు (నిప్పు పుట్టించే కరెంటును తెంచి కలిపే స్విచ్చు), వాటి పక్కనుండే కండెన్సరు అన్నీ కొత్తవి వేశారు. తర్వాత పెట్రోలూ గాలీ కలిపే కార్బొరేటర్ విప్పి కడిగారు. ఇప్పుడు పెట్రోలట. డబ్బు పోయినా ఫర్వాలేదు (ఈయన కూడా చదువుతారు కాబట్టి అలా రాశాను, ఫర్వా ఉంది). అసలు మంట ఏమిటంటే, అతను ఒక్క ముక్క కూడా నాతో చెప్పలేదు. అన్నీ చిన్నాడితోనే. వాడికి స్టీరింగ్ పక్కన ఉన్న ఆ గేరులో ఫస్ట్ ఎటో సెకండ్ ఎటో తెలీదు. మూడేళ్లుగా నేర్పుతానంటుంటే తప్పించుకు తిరుగుతున్నాడు. వాడు ఫోన్ చూసుకుంటూ "ఓకే, ఓకే" అంటాడు. నేను "చప్పుడు వెనక నుంచి వస్తోంది, ముందు నుంచి కాదు" అంటే, "మేడం, మీరలా ఫ్యాన్ కింద కూర్చోండి" అన్నాడు. కూర్చోలేదు. నిలబడే ఉన్నాను, ఏం లాభం!

ముందా వెనకా అన్న ప్రశ్న నాది కాదు, మావయ్యగారిది. 1992 వేసవిలో అన్నవరం వెళ్తుంటే రావులపాలెం దగ్గర ఇలాగే పేలింది. అరటి గెలల మార్కెట్ పక్కనే, మిట్టమధ్యాహ్నం. టైరు పేలిందనుకుని నలుగురు పరిగెత్తుకొచ్చారు. మావయ్యగారు తాపీగా దిగి, "అమ్మాయ్, చప్పుడు ముందొచ్చిందా, వెనకొచ్చిందా?" అని నన్నడిగారు. ఈయన్ని కాదు, నన్ను. వెనకే అన్నాను. కార్బొరేటర్ వైపు నుంచి టప్‌మని కొడితే ముందు గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందేమో చూడాలి, సైలెన్సర్లో కొడితే కాలకుండా పోయిన పెట్రోలు అక్కడ అంటుకుంటోందేమో చూడాలి అన్నారు. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, నల్లబడిన పాయింట్లు చూపించి, ఎమరీ కాగితంతో రుద్ది, అగ్గిపెట్టె అట్ట మధ్యలో పెట్టి గ్యాప్ సరిచేశారు. ఆ గ్యాప్ కొలిచే ఫీలర్ గేజ్ ఇంట్లో ఉంది, తేలేదు. ఈలోగా అత్తయ్యగారు దిగి గెలల బేరం మొదలుపెట్టారు. వద్దన్నా వినకుండా చక్కెరకేళి గెల కొన్నారు. డిక్కీలో చోటు లేక అన్నవరం దాకా నా ఒళ్లోనే ఉంది. కొత్త పట్టుచీర. ఆ మరక ఇప్పటికీ పోలేదు, ఆ చీర బయటికి తీసినప్పుడల్లా అత్తయ్యగారి మీద కోపం కొత్తగా వస్తుంది.

సరే, మధ్యాహ్నం ఇంజిన్ చల్లారాక నేనే ప్లగ్గులు విప్పాను. పెట్రోలు తక్కువై మండితే కొసలు తెల్లబారాలి. ఇవి నల్లగా, మసి పట్టి ఉన్నాయి. అంటే పెట్రోలు అందుతోంది, నిప్పే సరిగా పడటం లేదేమో. పాయింట్లు తెరుచుకున్నప్పుడు కరెంటు వాటి మధ్య దూకకుండా కండెన్సరు తీసుకోవాలి, అప్పుడే కాయిల్ నుంచి గట్టి స్పార్క్ వస్తుంది. వేడెక్కగానే కండెన్సరు చేతులెత్తేస్తే ఇదిగో, ఈ ఢాం. కొత్త పాయింట్లు నెలకే నీలంగా కాలిపోయి కనిపించాయి. మావయ్యగారి బిస్కెట్ డబ్బాలో పాత కండెన్సరు ఒకటి ఉంటే అది బిగించి, సాయంత్రం కరకట్ట మీద ఉండవల్లి దాకా వెళ్లొచ్చాను. ఒక్కసారి కూడా పేలలేదు. గాలి కూడా బాగుంది.

ఇక్కడితో ఆపేసి పడుకుందామనుకున్నాను. కానీ ఇంకొకటి ఉంది. పేలడం పోయింది, తొక్కగానే ఆ ఒక్క క్షణం ఆగడం మాత్రం కాస్త మిగిలింది. ఇంజిన్ ఆపి, ఎయిర్ క్లీనర్ తీసి, థ్రాటిల్ లాగి కార్బొరేటర్లోకి తొంగి చూశాను. గట్టిగా చిమ్మాల్సిన పెట్రోలు నీరసంగా కారింది. తొక్కగానే పెట్రోలు చిమ్మే యాక్సిలరేటర్ పంపులోని డయాఫ్రం, అంటే పల్చటి పొర, గట్టిపడి ఉంటుంది. రబ్బరు కదా. 2023 నుంచి బంకుల్లోకి వచ్చిన E20 పెట్రోలులో ఐదో వంతు ఇథనాల్ అనే ఆల్కహాల్, అది పాత రబ్బరుకు పడదు. మిశ్రమంలో పెట్రోలు పాళ్లు కూడా కొంచెం తగ్గినట్టే పనిచేస్తుంది. అంటే ఆ పెద్దమనిషి అన్నది సగం నిజమే! చూడకుండా చెప్పిన సగానికి మార్కులు వెయ్యాలా? నేనైతే వెయ్యను.

పొద్దున్న షెడ్డులో ఉన్న కుర్రాడొకడు "ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించుకోండి, పాయింట్ల గోలే ఉండదు" అన్నాడు. అప్పుడు వాడి మీదా చిరాకుపడ్డాను. మావయ్యగారుంటే ఒప్పుకునేవారు కాదు అని రాయబోయాను కానీ, ఈ 78 మోడల్ బండికి పాతరకం డైనమో పీకించి కొత్తరకం ఆల్టర్నేటర్ పెట్టించింది ఆయనే. కొత్త కండెన్సరు నెల కూడా ఆగకపోతే, డబ్బాలోది ఇంకెన్నాళ్లు? ముంబయిలో ఫియట్ ట్యాక్సీలు కూడా 2023 అక్టోబరుతో అయిపోయాయి, ఈ సామాను ఇక ఎవరి కోసం చేస్తారు? ఆ కుర్రాణ్ణి ధర అడగాలి.

డయాఫ్రం కిట్ కోసం సోమవారం ఆటోనగర్ వెళ్తాను. చిన్నాణ్ణి తీసుకెళ్లను.