టీవీ ముందు స్కోర్‌బుక్

1983 ప్రపంచకప్‌లో జూన్ 18న ఇంగ్లండ్‌లోని టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వే మీద కపిల్ దేవ్ ఆడిన ఇన్నింగ్స్‌కి వీడియో లేదు. ఆ రోజు ఆ మైదానంలో బీబీసీ కెమెరాలు లేవు. అయినా 17కే 5 వికెట్లు పడ్డాయని, 138 బంతుల్లో 175 నాటౌట్ అని, 16 ఫోర్లు, 6 సిక్స్‌లు అని, 140 దగ్గర ఎనిమిదో వికెట్ పోయాక కిర్మాణీతో కలిసి ఇంకో వికెట్ పడకుండా 126 జోడించాడని ఈ రోజుకీ చెప్పుకుంటున్నాం. బౌండరీ బయట ఒకరు కూర్చుని బంతి బంతికీ రాసిపెట్టారు కాబట్టి.

ఇంటిల్లిపాదీ కలిసి మ్యాచ్ చూసే ఇంట్లో అలాంటి పుస్తకం ఒకటి ఉండి తీరాలని నా గట్టి నమ్మకం. స్కోర్‌కార్డు ఫోన్‌లో ఎప్పుడైనా దొరుకుతుంది. పదేళ్ళ పిల్ల చేతిరాతలో ఉన్న ఆఖరి ఓవర్ మాత్రం ఇంకెక్కడా దొరకదు.

అచ్చు స్కోర్‌బుక్ లేకపోతే ఏ4 కాగితం అడ్డంగా పెట్టి గీసుకోవచ్చు. ఇన్నింగ్స్‌కి ఒక పేజీ. పై సగం బ్యాటర్లది: పేరు, బంతులు రాయడానికి పొడవాటి వరస, ఎలా అవుటయ్యారు, బౌలర్ ఎవరు, పరుగులు. దాని కింద ఎక్స్‌ట్రాలకి (బ్యాట్‌తో కాకుండా వచ్చే పరుగులు: వైడ్, నోబాల్, బై, లెగ్‌బై) నాలుగు గీతలు, వికెట్లు పడిన స్కోర్లకి పది గడులు. కింది సగం బౌలర్లది. టీ20 అయితే బౌలర్‌కి 4 గడులు, వన్డే అయితే 10. ఒక్కో గడి ఒకటిన్నర సెంటీమీటర్లకి తగ్గకూడదు, లేకపోతే ఎనిమిది బంతుల ఓవర్ పట్టదు. టెస్ట్ మ్యాచ్ రాసేటప్పుడు ఒక్కో బ్యాటర్‌కి రెండు మూడు వరసలు వదలాలి. 2001లో ఈడెన్ గార్డెన్స్‌లో లక్ష్మణ్ 281కి 452 బంతులు ఆడాడు, అంటే ఒక్క పేరు ముందు 452 గుర్తులు.

గుర్తులు తక్కువే. పరుగు రాని బంతికి చుక్క. బ్యాట్‌తో కొట్టిన పరుగులకి అంకె. వైడ్‌కి ప్లస్ గుర్తు, నోబాల్‌కి సున్నా లాంటి వలయం. నోబాల్ మీద బ్యాట్‌తో పరుగులొస్తే ఆ అంకె వలయం లోపల రాస్తారు. బైకి (బ్యాట్‌కీ ఒంటికీ తగలకుండా వచ్చిన పరుగు) నిలువు త్రికోణం, లెగ్‌బైకి (ప్యాడ్‌కో ఒంటికో తగిలి వచ్చిన పరుగు) తలకిందుల త్రికోణం. వికెట్‌కి బౌలర్ గడిలో డబ్ల్యూ. రనౌట్‌కి మాత్రం ఆ గడిలో డబ్ల్యూ రాయకూడదు, ఆ వికెట్ బౌలర్ ఖాతాలోకి రాదు. మెయిడెన్ (ఒక్క పరుగూ రాని ఓవర్) అయితే ఆరు చుక్కల్నీ కలిపి ఎం గీస్తారు. వికెట్ మెయిడెన్ అయితే డబ్ల్యూ గీస్తారు. ఈ గీతలు గీసే పని పిల్లలకి వదిలేయండి, మెయిడెన్ కోసం ఊపిరి బిగబట్టి చూస్తారు.

ఒక ఓవర్ రాసి చూద్దాం. మొదటి బ్యాటర్ స్ట్రైక్‌లో ఉన్నాడు. చుక్క, వైడ్, సింగిల్. రెండో బ్యాటర్ వచ్చాడు, లెగ్‌బై ఒకటి. మళ్ళీ మొదటివాడు: నోబాల్ మీద ఫోర్, ఫ్రీ హిట్ వృథా, ఆ తర్వాత రెండు పరుగులు, చివరి బంతికి క్యాచ్ అవుట్. మొత్తం 8 బంతులు, 10 పరుగులు. బ్యాట్ మీద వచ్చినవి 7, ఎక్స్‌ట్రాలు 3, కలిపితే 10. బౌలర్ ఖాతాలో 9, ఎందుకంటే వైడూ నోబాలూ అతని మీదే పడతాయి, లెగ్‌బై పడదు. ఇక బంతులు: మొదటి బ్యాటర్ ఆడినవి 6, రెండోవాడు 1, మొత్తం 7. వైడ్ బ్యాటర్ లెక్కలోకి రాదు, నోబాల్ వస్తుంది. లెగ్‌బై ఆడిన బంతి కూడా ఆడినట్టే.

ఈ ఒక్క ఓవర్‌లోనే మొత్తం సరిచూసే పద్ధతి ఉంది. బ్యాటర్ల పరుగులకి ఎక్స్‌ట్రాలు కలిపితే జట్టు స్కోరు రావాలి. బౌలర్లు ఇచ్చిన పరుగులకి బైలూ లెగ్‌బైలూ కలిపినా అదే రావాలి (పెనాల్టీ పరుగులుంటే అవి కూడా). బ్యాటర్లు ఆడిన మొత్తం బంతులు, సక్రమంగా పడిన బంతులకి నోబాల్స్ కలిపినంత ఉండాలి. ప్రతి ఐదు ఓవర్లకీ ఈ మూడూ చూసుకోవాలి. ఇన్నింగ్స్ అయ్యేదాకా ఆగితే తేడా ఎక్కడొచ్చిందో తేలదు.

అందుకే ఇద్దరు రాయాలి. క్రికెట్ చట్టాలు కూడా ఇద్దరు స్కోరర్లనే అడుగుతాయి. ఇంట్లో ఒకరు బ్యాటర్ల వైపు, ఒకరు బౌలర్ల వైపు పట్టుకుని, ఓవర్ అవగానే స్కోరు పైకి చదివితే చాలు. చిన్నపిల్లలకి 1 నుంచి 250 దాకా అంకెలు రాసిచ్చి, పరుగు వచ్చినప్పుడల్లా కొట్టేయమనాలి. ఎనిమిదేళ్ళ పిల్లలు ఈ పని చక్కగా చేస్తారు.

తప్పులు ఎక్కువగా వచ్చేది సింగిల్స్ దగ్గర. ప్యాడ్‌కి తగిలి వచ్చిందా, బ్యాట్ అంచుకి తగిలిందా అన్నది మన కంటికి తెలియదు. అంపైర్ మోకాలు తడితే లెగ్‌బై, చెయ్యి పైకెత్తితే బై, ఏ సైగా లేకపోతే బ్యాటర్‌కే. టీవీ ఒక్కోసారి ఆ సైగ చూపించకుండా రీప్లేకి వెళ్ళిపోతుంది. అప్పుడు స్క్రీన్ మీద బ్యాటర్ స్కోరు మారిందో లేదో చూసి రాయాలి.

డీఆర్‌ఎస్ (అంపైర్ నిర్ణయాన్ని టీవీ రీప్లేలతో మళ్ళీ చూసే పద్ధతి) తీర్పు పూర్తిగా వచ్చేదాకా పెన్ను కదలకూడదు. అంపైర్ అవుటిచ్చాక రివ్యూలో నాటౌట్ అయితే, వేలెత్తిన క్షణానికే బంతి డెడ్. ఆ తర్వాత పరిగెత్తిన లెగ్‌బైలు లెక్కలోకి రావు, చుక్కే పెట్టాలి.

పాత రూల్స్ నోటికి వచ్చిన పెద్దవాళ్ళు రాసేచోట ఇంకో రెండు గుర్తుంచుకోవాలి. 2017 చట్టాల నుంచి నోబాల్ మీద పరిగెత్తిన బైలు బైలుగానే రాయాలి, నోబాల్ ఖాతాలో 1 మాత్రమే. వైడ్ మీద పరిగెత్తినవి మాత్రం అన్నీ వైడ్‌లే. 2022 అక్టోబర్ నుంచి అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో క్యాచ్ పట్టేలోపు బ్యాటర్లు ఒకరినొకరు దాటినా లాభం లేదు. అది ఓవర్ చివరి బంతి కాకపోతే తర్వాతి బంతి కొత్త బ్యాటరే ఆడాలి. దాటారు కదా అని స్ట్రైక్ మార్చేస్తే, అక్కడి నుంచి ప్రతి పరుగూ తప్పు పేరు ముందు పడుతుంది.

ఓవర్‌త్రోలు (ఫీల్డర్ విసిరిన బంతి అదుపు తప్పి పోవడం వల్ల అదనంగా వచ్చే పరుగులు) విడగొట్టి రాయడం మంచిది. 2019 జూలై 14న ప్రపంచకప్ ఫైనల్ చివరి ఓవర్‌లో న్యూజిలాండ్ ఫీల్డర్ గప్టిల్ విసిరిన త్రో ఇంగ్లండ్ బ్యాటర్ స్టోక్స్ బ్యాట్‌కి తగిలి బౌండరీ దాటింది, అంపైర్లు 6 ఇచ్చారు. త్రో వదిలే సమయానికి బ్యాటర్లు రెండో పరుగులో దాటలేదు కాబట్టి 5 ఇవ్వాల్సిందని మాజీ అంపైర్ సైమన్ టౌఫెల్ తర్వాత అన్నాడు. స్కోరర్ రాయాల్సింది అంపైర్ ఇచ్చిందే. అయితే ఉత్త 6 రాస్తే రేపు సిక్స్‌లు లెక్కపెట్టేవాళ్ళు దాన్నీ కలిపేస్తారు, 2+4 అని రాస్తే ఆ బంతి మొత్తం కళ్ళకి కడుతుంది.

ఈ గడుల పద్ధతిలో ఒక లోటుంది. ఏ బంతి ఎవరు ఎవరికి వేశారో తర్వాత చెప్పలేం. బౌలర్‌కో రంగు పెట్టుకుని, బ్యాటర్ వరసలో కూడా అదే రంగుతో రాస్తే సగం తెలుస్తుంది. పూర్తిగా కావాలంటే ఓవర్‌కో గీత చొప్పున రాసే లీనియర్ పద్ధతి ఉంది. 1966 నుంచి 2009 జనవరిలో చనిపోయేదాకా బీబీసీ రేడియో టెస్ట్ కామెంటరీకి స్కోరర్‌గా ఉన్న బిల్ ఫ్రిండాల్ దాన్ని మెరుగుదిద్దాడు. అందులో టైమ్, బౌలర్, ఇద్దరు బ్యాటర్లు, జట్టు స్కోరు అన్నీ ఒకే గీతలో ఉంటాయి. అదే ఈడెన్ టెస్టులో 2001 మార్చి 14న లక్ష్మణ్, ద్రవిడ్ రోజంతా ఆడి 335 పరుగులు జోడించారు, ఒక్క వికెట్ పడలేదు. అలాంటి రోజుని గీత గీతగా చదువుకోవడంలో ఉన్న ఆనందం హైలైట్స్‌లో ఉండదు. కాకపోతే టీ20 వేగానికి ఇది కొత్తవాళ్ళ చేతికి అందదు, టెస్టులతో మొదలుపెట్టాలి.

పేజీకి కుడివైపు మూడు వేళ్ళ వెడల్పు ఖాళీ ఉంచండి. వాన ఎప్పుడు పడింది, ఎవరు ఏ ఓవర్‌కి ఇంటికొచ్చారు, ఎవరు ఏ ఓవర్ నుంచి రాశారు, అన్నీ అక్కడే. మధ్యలో మొదలుపెడితే అప్పటి స్కోర్లు టీవీలో చూసి ఎక్కించి, అడ్డంగా గీత గీసి, "ఇక్కడి నుంచి మేం రాసింది" అని వేయాలి.

మ్యాచ్‌కి పెన్సిల్ వాడినా, లెక్క సరిపోయాక మొత్తాలు బాల్‌పెన్‌తో దిద్దాలి, పెన్సిల్ గీతలు ఎదుటి పేజీకి అంటుకుంటాయి. స్టేడియం టిక్కెట్టు దాచుకుంటే అది థర్మల్ కాగితమేమో చూడండి. గోటితో మూల మీద గీస్తే నల్లగా గీత పడితే థర్మలే. దాన్ని లామినేట్ చేయిస్తే ఆ వేడికి మొత్తం నల్లబడుతుంది. ముందు జిరాక్స్ తీయించి ఆ కాపీని పేజీకి అతికించి, అసలు టిక్కెట్టు కాగితపు కవర్‌లో వెలుతురు తగలకుండా పెట్టండి.