లోకంలో లేని ప్రాణుల కోసం ఒక అల్మరా

సంక్రాంతికి మా అమ్మ పెట్టే బొమ్మల కొలువులో ఏటా ఒక్క కొత్త బొమ్మయినా చేరాలన్నది మా ఇంటి ఆనవాయితీ. ఆమె తరువాత ఆ బొమ్మల పెట్టె నా దగ్గరికి వచ్చింది. పాత చీర ముక్కల్లో చుట్టి ఉన్న పెళ్లి పల్లకిని, తాటిచెట్టెక్కే గీత కార్మికుణ్ణి, అంబారీ ఏనుగును ఒక్కొక్కటిగా విప్పుతుంటే అడుగున ఒక మత్స్యావతారం కనిపించింది. దశావతారాల వరుసలో మిగిలినది అదొక్కటే. నడుము పైన నాలుగు చేతుల దేవుడు, నడుము కింద చేప. ఆ రెండూ కలిసే చోట పొలుసుల గీతలు క్రమంగా సన్నబడి పట్టుబట్ట అంచులో కలిసిపోయాయి. ఆ అంచునే చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. లోకంలో ఎక్కడా కనిపించని, మనిషి ఊహలో మాత్రమే పుట్టిన ప్రాణుల బొమ్మలనే సేకరించాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

ఆ తరువాత కొండపల్లి వెళ్లి బొమ్మ తయారయ్యే తీరును దగ్గరగా చూశాను. అక్కడ వాడేది తెల్ల పొణికి కర్ర. చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు. కర్రలోని తేమ పోయేదాకా సెగ చూపి, మొండెం, తల, చేతులు వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అతికిస్తారు. ఆపైన సున్నం పూసి రంగులు వేస్తారు. ఇది చూశాక నాకు ఒక సంగతి బోధపడింది. ఇక్కడ మామూలు మనిషి బొమ్మ కూడా అతుకులతోనే పుడుతుంది కనుక, మనిషి మొండెం మీద సింహం తల నిలబెట్టి నరసింహుణ్ణి చేయడం ఈ చేతులకు వింత పని కాదు. అందుకే కాబోలు, వరాహమూర్తి గాని నరసింహుడు గాని ఇక్కడ భయపెట్టే రూపాలుగా కాక, మన వీధిలో తిరిగే మనుషులంత సహజంగా కనిపిస్తారు.

ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి, తిరిగే కర్రకు లక్క రంగును అద్దుతారు. అందుచేత అక్కడి బొమ్మకు గుండ్రదనం, మెరుపు సహజంగా వస్తాయి. నిమ్మలకుంట తోలుబొమ్మల్లో పది తలల రావణుడిని మాత్రం వెలుగుకు అడ్డంగా పట్టుకునే చూడాలి; అల్మరాలో నిలబెడితే సగం అందం పోతుంది.

కొత్తగా మొదలుపెట్టేవారికి నేను ముందుగా చెప్పేది, బొమ్మను తిరగేసి వెనుక భాగాన్ని, పీఠాన్ని చూడమని. ముఖం మీద పెట్టిన శ్రద్ధ వీపు మీద కూడా ఉంటే ఆ బొమ్మను నిస్సంకోచంగా తీసుకోవచ్చు. అతుకుల దగ్గర సన్నని పగులు ఉంటే కర్ర సరిగా ఆరలేదని అనుమానించాలి. కొన్న ఊరు, సంవత్సరం, చేసినవారి పేరు ఒక చీటీ మీద రాసి పీఠం కింద అంటించడం తొలి బొమ్మ నుంచే అలవాటు చేసుకోవాలి.

సంరక్షణ విషయంలో నేను చేసిన తప్పు ఇప్పటికీ బాధిస్తుంది. అమ్మ దాచిన ఆ మత్స్యావతారానికి దుమ్ము పట్టిందని తడిగుడ్డతో తుడిచాను. తోక మీది నీలం గుడ్డకు అంటుకుని వచ్చేసింది, కింద సున్నపు తెలుపు బయటపడింది. అప్పటినుంచి మెత్తని పొడి కుంచె తప్ప మరేదీ వాడడం లేదు. కర్ర బొమ్మలను ప్లాస్టిక్ సంచుల్లో బిగించకుండా నూలుగుడ్డలో చుట్టి, ఎండు వేపాకు వేసిన పెట్టెలో ఉంచుతున్నాను. ఎండ నేరుగా పడే కిటికీ పక్కన ఏ బొమ్మనూ పెట్టను.

ఇప్పుడు నా అల్మరాలో పదకొండు బొమ్మలున్నాయి. పన్నెండోదిగా గండభేరుండం కావాలని కొండపల్లిలో ఒక పెద్దాయనను అడిగాను. విజయనగర రాజు అచ్యుతదేవరాయల నాణేల మీద కనిపించే ఆ రెండు తలల పక్షి చిత్రాన్ని ఆయనకు చూపించాను. ఆయన దాన్ని చాలాసేపు పరిశీలించి, ఒక పొణికి ముక్కను చేతిలో తిప్పుతూ, "తలలు రెండూ విడిగా చెక్కి అతకాలమ్మా, మెడల దగ్గర మక్కు ఆరడానికి ఎక్కువ రోజులు పడుతుంది, తొందరపెట్టకూడదు" అన్నారు. తొందరేమీ లేదని చెప్పి వచ్చాను. పై అరలో మత్స్యావతారం పక్కన దానికి చోటు ఖాళీ చేసి ఉంచాను.