భరతుడికి రాముడు వేసిన ప్రశ్నలు: వ్యాపారం నడిపేవారి నిత్యపరీక్ష

చిత్రకూటంలో జటలతో, నారచీరతో నేల మీద పడి ఉన్న భరతుణ్ణి రాముడు లేవనెత్తి, గుండెకు హత్తుకుని, ఒడిలో కూర్చోబెట్టుకున్నాడు. ముందు తండ్రి గురించి అడిగాడు. ఆ తర్వాత పరిపాలన మీద ప్రశ్నల వర్షం కురిపించాడు. వాల్మీకి రామాయణం అయోధ్యాకాండలో 100వ సర్గ దాదాపు అంతా ఆ ప్రశ్నలే. నలుగురికి జీతమిచ్చే ప్రతివారూ పారాయణ చేయదగ్గ సర్గ ఇది.

కచ్చిన్మంత్రయసే నైకః కచ్చిన్న బహుభిస్సహ ।
కచ్చిత్తే మంత్రితో మంత్రో రాష్ట్రం న పరిధావతి ॥

ఒక్కడివే కూర్చుని నిర్ణయాలు తీసుకోవడం లేదు కదా? మరీ ఎక్కువమందిని పోగేసి ఆలోచించడం లేదు కదా? నీ ఆలోచన పని పూర్తికాకముందే ఊరంతా తిరగడం లేదు కదా? ఎంతమందితో ఆలోచించాలో కూడా ఈ సర్గలోనే ఉంది: ముగ్గురు లేదా నలుగురు, అందరినీ కలిపీ, విడివిడిగానూ. ఆ 'విడివిడిగా' అన్నది చాలా లోతైన మాట. యజమాని ముందుగా తన అభిప్రాయం చెప్పేస్తే మీటింగులో మిగతావాళ్లు దానికే తల ఊపుతారు. అందుకే పెద్ద పెట్టుబడి విషయమైతే ఒక్కొక్కరినీ వేరుగా అడిగి, వాళ్లు చెప్పింది రాసుకుని, అప్పుడు అందర్నీ కూర్చోబెట్టాలి. మన మాట చివర్న చెప్పాలి. ఆ నలుగురిలో ఒకరైనా లెక్కలు తెలిసినవారు, ఒకరైనా కాదని చెప్పగల ధైర్యం ఉన్నవారు ఉండాలి.

నిశ్చయించాక ఆలస్యం పనికిరాదు. తక్కువ ఖర్చుతో పెద్ద ఫలితమిచ్చే పనిని వెంటనే మొదలుపెడుతున్నావా, సాగదీస్తున్నావా అని కూడా రాముడు అడిగాడు. నిర్ణయం తీసుకున్న రోజే ఒక కాగితం మీద ఏం నిర్ణయించాం, ఎందుకు, ఏం ఆశిస్తున్నాం, ఏది జరిగితే మనం పొరబడ్డట్టు అని రాసి తేదీ వేయండి. మూడు నెలల తర్వాత తీసి చదవండి. ఫలితం బాగుంటే నిర్ణయమూ బాగుందనుకోవడం మనసుకు అలవాటు. అదృష్టం ఎంత, ఆలోచన ఎంత అన్నది ఆ కాగితమే చెబుతుంది.

అన్నిటికంటే సూటిగా తగిలేది జీతాల ప్రశ్న. బలగానికి భోజనం, వేతనం తగినంత, సకాలంలో ఇస్తున్నావా? ఆలస్యమైతే భృత్యులు యజమాని మీద కోపిస్తారు, చెడిపోతారు, అది మహా అనర్థమని రాముడే కారణం చెప్పాడు. నేటికీ అక్షరాలా అదే జరుగుతుంది. జీతం ఆగితే ముందు వెళ్లేది పనిమంతుడు, అతనికి వేరేచోట పని దొరుకుతుంది కాబట్టి. ఉండిపోయినవారిలో కొందరు అడ్వాన్సులకు, మరికొందరు చేతివాటానికి దిగుతారు. రాబడి రాగానే జీతాల సొమ్ము ముందు పక్కన పెట్టండి. వీలైతే రెండు మూడు నెలల జీతాలకు సరిపడా మొత్తం వేరే ఖాతాలో ఉంచండి. ఎంత చేసినా ఆలస్యం తప్పదనుకుంటే, జీతం రోజు రాకముందే మీరే చెప్పి, కచ్చితమైన తేదీ ఇవ్వండి.

దొంగతనం నింద పడిన మంచివాణ్ణి విచారించకుండా శిక్షించడం లేదు కదా అనీ అడిగాడు. అబద్ధపు నింద మోసినవారి కన్నీళ్లు పాలకుడి బిడ్డలను, పశువులను హరిస్తాయట. ఆరోపణ వచ్చినప్పుడు దాన్ని తెచ్చినవారి చేతికే విచారణ ఇవ్వకండి. రిజిస్టరు, బిల్లులు ముందు మీరు చూడండి. ఎదుటివారి మాట పూర్తిగా వినేదాకా ఎవరితోనూ ఏమీ అనకండి.

ఇదే సర్గలో 14 రాజదోషాలున్నాయి: నాస్తిక్యం, అబద్ధం, కోపం, ఏమరుపాటు, పని సాగదీయడం, జ్ఞానులను కలవకపోవడం, సోమరితనం, ఇంద్రియలోలత, ఒంటరి నిర్ణయం, విషయం తెలియనివారితో ఆలోచన, నిశ్చయించింది మొదలుపెట్టకపోవడం, రహస్యం దాచలేకపోవడం, శుభకార్యాలు చేయకపోవడం, అన్ని వైపులా ఒకేసారి యుద్ధానికి లేవడం. రోజుకొకటి తీసుకుంటే రెండు వారాలకు ఒక ఆవృత్తి అవుతుంది. తెల్లవారుజామున, ఫోన్ ముట్టకముందు, దేవుడి ముందు పదిహేను నిమిషాలు చాలు. నిన్న ఆ దోషం ఎక్కడ కనబడిందో ఒక్క వాక్యం రాయండి. ఎవరి పట్ల జరిగిందో వారి పేరు, ఈరోజు దాన్ని దిద్దడానికి ఏం చేస్తారో దాని కిందే రాయండి.