బొమ్మ బాగుంది, జబ్బేదీ?

పోయిన నెల ఒక శుక్రవారం సాయంత్రం, మూడు వారాలు కూర్చుని రాసిన ఫిల్టర్‌ని, అంటే గుండె సీటీ స్కాన్ బొమ్మల్లో గరుకుని (నాయిస్‌ని) తగ్గించే ప్రోగ్రామ్‌ని, మాకు సలహాలిచ్చే రేడియాలజిస్ట్ డాక్టర్ గారికి చూపించాను. ఆయనది గుంటూరు, నాది తెనాలి పక్కన పల్లె, కాబట్టి అందరూ ఉన్నంతసేపూ ఇంగ్లీషు, మిగతావాళ్ళు కాల్ పెట్టేశాక తెలుగు. స్క్రీన్ మీద ఎడమవైపు అసలు సీటీ బొమ్మ, ఇసుక చల్లినట్టు గరుగ్గా ఉంది. కుడివైపు నాది, వెన్న రాసినట్టు నున్నగా. ఆయన స్లైసులు పైకీ కిందకీ రెండుసార్లు జరిపి, "బొమ్మ బాగుందయ్యా, జబ్బేదీ?" అన్నారు.

జబ్బు ఉంది. నేనే పెట్టాను. అది నిజం పేషెంట్ స్కాన్ కాదు, కంప్యూటర్లో తయారుచేసిన డమ్మీ గుండె. ఎడమ జఠరిక, అంటే గుండె ఎడమ కింది గది, గోడకి లోపలి అంచున, రక్తం తక్కువ అందే ముక్క ఒకటి నెలవంకలా సన్నగా పెట్టి ఉంచాను. నా ఫిల్టర్ నాయిస్‌తో పాటు దాన్నీ మింగేసింది.

గుండె కండరానికి రక్తం ఎంత అందుతోందో చూసే ఈ సీటీ పెర్ఫ్యూజన్ స్కాన్ గురించి తెలియనివాళ్ళకి రెండు మాటలు. చేతి నరంలోకి అయోడిన్ ఉన్న కాంట్రాస్ట్ మందు ఎక్కించి, అర నిమిషం పాటు, గుండె కొట్టుకున్నప్పుడల్లా లేదా ఒక కొట్టుకోలు వదిలి ఒకసారి, అదే చోట మళ్ళీ మళ్ళీ స్కాన్ తీస్తారు. మందు కండరంలోకి ఎంత వేగంగా చేరిందో చూసి రక్తం ఎంత అందుతోందో లెక్కకడతారు. అంతకుముందే అడినోసిన్ అనే ఇంకో మందు ఇస్తారు, దాంతో మంచి రక్తనాళాలు వ్యాకోచిస్తాయి, పూడుకున్న నాళం వెనకాల ఉన్నవి అంతగా వ్యాకోచించలేవు, ఆ తేడాయే మనకి కావాల్సింది. కాఫీలోని కెఫీన్ అడినోసిన్ పనికి అడ్డుపడుతుంది కాబట్టి ముందురోజు నుంచే కాఫీ, టీ బంద్. బెంగళూరులో పొద్దున్నే దర్శిని హోటల్ ముందు నిలబడి చిన్న గ్లాసు ఊదుకుంటూ తాగేవాడికి ఈ మాట చెప్తే, స్కాన్ కంటే దానికే ఎక్కువ టెన్షన్ పడతాడు.

ఒక్క బొమ్మ అయితే పర్వాలేదు, ఇరవై ముప్ఫై తీస్తారు కాబట్టి రేడియేషన్ మీద పడుతూ పోతుంది. అందుకని ఒక్కో బొమ్మకి ఇచ్చే డోస్ తగ్గిస్తారు. డోస్ తగ్గితే డిటెక్టర్‌ని చేరే ఫోటాన్లు (ఎక్స్-రే కణాలు) తగ్గుతాయి, నాయిస్ పెరుగుతుంది, అదీ వర్గమూలం లెక్కన: డోస్ సగం చేస్తే నాయిస్ సుమారు 1.4 రెట్లు, పావు చేస్తే రెండు రెట్లు. మందు వల్ల గుండె కండరం వెలిగేదే కొన్ని పదుల హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు (సీటీ బొమ్మలో వెలుగుని కొలిచే లెక్క). నాయిస్ కూడా ఆ స్థాయికి వచ్చిందంటే ఇక ఏది రక్తమో ఏది ఇసుకో చెప్పలేం. చాలామంది గమనించనిది ఇంకోటి ఉంది. రక్తప్రవాహం లెక్కకి, ఒక చోట మందు వెలుగు ఎక్కి దిగే గీత (కర్వ్)లో అన్నిటికంటే నిటారుగా ఉన్న వాలుని తీసుకునే పద్ధతి ఒకటుంది, నాయిస్ ఉంటే అది ఎప్పుడూ పైకే తప్పుతుంది, ఎందుకంటే మనం ఏరుకునేదే పెద్ద విలువని. అంటే జబ్బున్న చోట కూడా రక్తం బానే అందుతున్నట్టు కనబడే ప్రమాదం ఉంది.

అన్నట్టు, సీటీ పాఠాల మొదట్లోనే వచ్చే, స్కాన్ కొలతల్లోంచి బొమ్మ కట్టేటప్పుడు వాడే రామ్-లాక్ ఫిల్టర్ పేరులో రామ్ అంటే శాస్త్రవేత్త జి.ఎన్. రామచంద్రన్, లాక్ అంటే లక్ష్మీనారాయణన్. 1971 నాటి పేపర్ అది. రామచంద్రన్ మద్రాసు యూనివర్సిటీ నుంచి ఇక్కడ బెంగళూరు ఐఐఎస్‌సీకి వచ్చినాయన. ఆ ఫిల్టర్ అంచుల్ని పదును చేస్తుంది, పదునుతో పాటు నాయిస్‌నీ ఎగదోస్తుంది. తర్వాత మాలాంటివాళ్ళం దాన్ని దించుతూ కూర్చుంటాం.

సరే, నేను చేసిన తప్పేంటి? చుట్టుపక్కల పిక్సెళ్ళ సగటు తీశాను. రక్తం అందకపోతే ముందు దెబ్బతినేది గోడ లోపలి పొర, దానికి ఆనుకునే మందుతో ధగధగ వెలిగే గది. సగటు తీస్తే ఆ వెలుగు పక్కకి పాకి, సన్నటి నల్ల చారని కప్పేస్తుంది. విలువలు దగ్గరగా ఉన్న పిక్సెళ్ళనే కలిపే బైలేటరల్ ఫిల్టర్ ఉంది కానీ, ఇంత నాయిస్‌లో ఒక్క ఫ్రేమ్ చూసి ఏవి దగ్గరో ఎలా తెలుస్తుంది? అందుకే మెదడు పెర్ఫ్యూజన్ స్కాన్లలో వాడే ఒక కిటుకు అరువు తెచ్చుకున్నాను: ఒక్క విలువని కాదు, అన్ని ఫ్రేముల్లో ఆ పిక్సెల్ ఎలా ఎక్కి ఎలా దిగిందో ఆ మొత్తం కర్వ్‌ని పోల్చాలి. గది ముందు వెలుగుతుంది, కండరం కాస్త ఆలస్యంగా, తక్కువగా వెలుగుతుంది, జబ్బు ముక్క ఇంకా నెమ్మదిగా. కర్వ్‌లు కలిసినవాళ్ళే ఒక జట్టు. అయితే గుండె తలకాయలా కదలకుండా పడుకోదు కదా, ముందు ఫ్రేములన్నీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టకపోతే అదే పిక్సెల్ ఒక ఫ్రేమ్‌లో కండరం, ఇంకో ఫ్రేమ్‌లో రక్తం అయిపోతుంది. నాకు టైమంతా తిన్నది ఫిల్టర్ కాదు, ఇదే.

ఇంకో అలవాటు చేసుకున్నాను. అమ్మ బియ్యం చెరిగాక కింద పడిన పొట్టుని ఓసారి వేళ్ళతో కెలికి చూస్తుంది, గింజలేమైనా పోయాయేమోనని. నేనూ అసలు బొమ్మలోంచి నా బొమ్మని తీసేసి మిగిలింది చూస్తున్నాను. అది ఉత్త ఇసుకలా ఉండాలి. పాత ఫిల్టర్‌ది అలా చూస్తే గోడ అంచు పెన్సిల్‌తో గీసినట్టుంది, దాని లోపల నా నెలవంక. మూడు వారాల్లో ఒక్కసారి ఈ పని చేసి ఉంటే డాక్టర్ గారి ముందు పరువు దక్కేది.

మొన్న కొత్తది చూపించాను. ఈసారి పది సెకన్లలో నెలవంక మీద కర్సర్ పెట్టి, "ఇదిగో, ఇది" అన్నారు. ప్రాణం లేచొచ్చింది. వెంటనే కర్సర్ కిందకి, వెన్నెముక వైపు గోడ దగ్గరికి జరిపి, "ఇక్కడ ఇంకోటి కూడా పెట్టావా?" అని అడిగారు. నేను పెట్టలేదు. అది బీమ్ హార్డెనింగ్, గదిలోనూ అయోర్టా (పెద్ద ధమని)లోనూ ఉన్న అయోడిన్ వల్ల మధ్యలో పడే దొంగ నీడ. ఇన్నాళ్ళూ ఇసుకలో దాక్కుని ఉంది, నేను ఇసుక తుడిచేసరికి జబ్బులాగే బయటపడింది. ఈ వారమంతా దాంతోనే కుస్తీ.